లీటరుకు మైనస్ పద్నాలుగు

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, చెరువులో ప్లాస్టిక్ లేదని, నిజానికి అంతకంటే తక్కువే ఉందని నీటి పరీక్షల సంస్థ ప్రకటించింది. మనిషి నీళ్లను పరీక్షించడం మొదలుపెట్టిన నాటి నుంచి ఇంతటి శుభ్రత ఎక్కడా నమోదు కాలేదు. లీటరు నీటిలో ప్లాస్టిక్ ముక్కలు మైనస్ పద్నాలుగు. ప్రకటన చదివింది పద్ధతుల పోలిక విశేషాధికారి. ఆ సంఖ్యను ఆయన రెండుసార్లు చదివారు. మొదటిసారి హాలులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రెండోసారి కొట్టారు.

వెనక వరుసలో గోడవారగా కూర్చున్న సూదక్క రెండోసారి కూడా కొట్టలేదు. ఆమె ఒళ్లో నోటు పుస్తకం ఉంది. అదే చెరువు, అదే రోజు తెచ్చిన నీళ్లు, అందులో ఆమె రాసుకున్న సంఖ్య నూట ఇరవై ఎనిమిది. దాని ముందు మైనస్ లేదు.

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. మిగతా అన్నిచోట్లా సూదక్కే. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇది: చెరువు నీళ్లను వడకాగితం గుండా పోసి, కాగితం మీద మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద పెట్టి, స్పిరిట్ దీపం మీద కాల్చిన సూదితో ఒక్కోదాన్నీ ముట్టుకోవడం. ముడుచుకుంటే ప్లాస్టిక్. నల్లబడితే ఆకు ముక్క. చలించకపోతే ఇసుక. (ఇసుకకూ పై అధికారులకూ పోలిక చెప్పడం ఆ గదిలో పాత హాస్యం. రాతపూర్వకంగా నిషేధించారు.)

ఆ మంగళవారానికి ఆరు వారాల ముందు నీటి బోర్డు ఒక నియమం చేసింది. చెరువు నీటిలో లీటరుకు వంద ముక్కలు దాటితే, దిగువ వీధులకు నీళ్లు వదిలే చోట సన్న వడపోత యంత్రం పెట్టాలి. దాటకపోతే అక్కర్లేదు. వందే ఎందుకని అడిగినవారికి, అది గుండ్రంగా ఉందని బోర్డు జవాబిచ్చింది. ఎగువ వీధులకు నీళ్లు వేరే చోట నుంచి వస్తాయి. బోర్డు సభ్యులు ఎగువ వీధుల్లో ఉంటారు. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉన్నట్టు ఎక్కడా నిర్ధారణ కాలేదు.

సూదక్క ఇల్లు దిగువ వీధుల్లో, మూడో సందులో. ఆమె భర్త దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో అత్తగారు, మధ్యలో కుళాయి. నియమం సంగతి పత్రికలో వచ్చిన రోజు నుంచి, జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ కొలతలతో పాటు ఇంకో మాట కూడా అడిగేది: "యంత్రం వస్తుందటా? మీ ఆవిడ చేతిలోనే ఉందటగా?"

ఆమె చేతిలో ఉన్నది నాలుగో వంతు. సంస్థలో గదులు నాలుగు, పద్ధతులు నాలుగు.

మొదటిది రంగు గది. అక్కడ వడకాగితం మీద ఒక రంగు చల్లి, నీలం దీపం కింద పెడితే ప్లాస్టిక్ మెరుస్తుంది. జిడ్డు కూడా మెరుస్తుంది. పురుగుల రెక్కలు కూడా మెరుస్తాయి. మెరిసిందల్లా లెక్కలోకి వస్తుంది. రెండోది యంత్రం గది. కంటికి కనిపించని కాంతిని నలుసు మీద వేసి, తిరిగి వచ్చిన గీతలను తన దగ్గరున్న జాబితాతో పోల్చి, యంత్రం దాని జాతి చెబుతుంది. "నైలాన్ కావచ్చు, రొయ్య పొట్టు కావచ్చు" అని కూడా చెబుతుంది. మూడోది కాల్చే గది. అక్కడ అన్నిటినీ కలిపి కాల్చి, పొగను బట్టి ప్లాస్టిక్ ఎంత బరువుందో చెబుతారు. ఎన్ని ముక్కలో చెప్పలేరు, కాలిపోయాయి కాబట్టి. నాలుగోది సూదక్క గది. నడవా చివర, మరుగుదొడ్లు దాటాక.

ఏళ్ల తరబడి నాలుగు గదులూ ఒకే చెరువుకు నాలుగు సంఖ్యలు చెబుతూ వచ్చాయి. ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవారు, గొడవ ఉండేది కాదు. ఇప్పుడు వంద అనే గీత వచ్చేసరికి, నాలుగు సంఖ్యలు ఉండటం సంస్థ గౌరవానికి భంగకరమని పెద్దసారుకు తోచింది. పద్ధతుల పోలిక కోసం ఒక విశేషాధికారిని నియమించారు. ఆయన అంతకుముందు వాహనాల విభాగంలో టైర్లు పోల్చేవారు.

విశేషాధికారి పది నియమాలతో ఒక ఉత్తర్వు జారీ చేశారు. మొదటి వాక్యం: "ఇకపై ఈ సంస్థలో నిజం ఒక్కటే ఉండవలెను." తొమ్మిదో నియమం: సగటుకు అందరికంటే దూరంగా ఉన్న పద్ధతిని తప్పుగా పరిగణించి, ఆ గదిని స్టోరు రూముగా మార్చాలి. పదో నియమం: తప్పు పద్ధతిని తీసేశాకే సగటు కట్టాలి. ఈ రెండిటినీ ఒకేసారి ఎలా పాటించాలో పదకొండో నియమంలో ఉంటుందన్నారు. పదకొండో నియమం లేదు.

పోలిక సందర్భంగా సిబ్బంది అందరికీ కొత్త కోట్లు ఇచ్చారు. అరవై రెండు కోట్లు, నీలం రంగు, జేబు మీద సంస్థ ముద్ర, ముద్ర కింద "నిజం ఒక్కటే" అన్న అక్షరాలు. పాత తెల్ల నూలు కోట్లు వెనక్కి తీసుకున్నారు. సూదక్క కొత్త కోటు వేసుకుని ఉదయం పది గంటలకు బల్ల దగ్గర కూర్చుంది. పది గంటల ఐదు నిమిషాలకు కుడి చెయ్యి స్పిరిట్ దీపం దాటుతుండగా కోటు చేతి అంచు సెగకు ముడుచుకుని, గట్టిపడి, ముద్దయింది.

ఆమె ఆ కోటు పట్టుకుని విశేషాధికారి గదికి వెళ్లింది.

"సార్, ఇది ప్లాస్టిక్."

"ఇది యూనిఫాం."

"సెగ తగిలితే ముడుచుకుంది సార్. మా గదిలో ముడుచుకున్నదాన్ని మేము లెక్కలో వేస్తాం."

"కోటును లెక్కలో వెయ్యమని ఎవరన్నారమ్మా? చెరువును వెయ్యండి."

కొత్త కోటుకు దరఖాస్తు పెట్టుకోమన్నారు. అది వచ్చేవరకు పాత నూలు కోటు వాడుకోవచ్చని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఆమె నోటు పుస్తకంలో పెట్టుకుంది.

పోలికలో మొదటి అంకం ఖాళీ నమూనా. దీని సంగతి తెలియనివారికి: చెరువు నీళ్లను పరీక్షించే ముందు, ఏమీ లేని శుద్ధమైన నీళ్లను తీసుకుని, వాటినీ అదే గదిలో, అదే గిన్నెలో, అదే వడకాగితం గుండా పోస్తారు. అందులో ఏమైనా దొరికితే అది చెరువుది కాదు, గదిది. అంత సంఖ్యను చెరువు సంఖ్య నుంచి తీసేస్తారు. ఎవరూ చూడకుండా, మూత తియ్యకుండా, ఊపిరి బిగబట్టి చెయ్యాల్సిన పని.

సంస్థ దానికి ప్రారంభోత్సవం చేసింది.

బోర్డు అధ్యక్షుడు ముఖ్య అతిథి. నడవా గోడకు శిలాఫలకం బిగించారు. "ఖాళీ నమూనాను ప్రారంభించినవారు" అని ఉంది. కింద పేరు, తేదీ. రంగు గదిలో, యంత్రం గదిలో, కాల్చే గదిలో, ఒకదాని తరవాత ఒకటి, అధ్యక్షుడు స్వయంగా శుద్ధమైన నీళ్లను గిన్నెలో పోశారు. ప్రతి గదిలోనూ సిబ్బంది అంతా, అప్పుడే ప్యాకెట్లు చింపి తొడుక్కున్న కోట్లతో, గిన్నె చుట్టూ భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. గాజు మూత పెడితే నీళ్లు కనిపించడం లేదని ఫొటోగ్రాఫరు అన్నాడు. మూత తీశారు. వెనకవాళ్లు కనిపించడం లేదన్నాడు. ఇంకా దగ్గరికి జరిగారు. అధ్యక్షుడు పోసిన ప్రతిసారీ చప్పట్లు. గదికి నలభై నిమిషాలు.

నాలుగో గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి టీ వేళయింది. అధ్యక్షుడు లోపలికి తొంగి చూశారు.

"ఇక్కడ యంత్రం ఏదీ?"

"ఇక్కడ యంత్రం లేదు సార్," అన్నారు విశేషాధికారి. "సూది ఉంది."

"ఇంకోసారి చూద్దాం."

అందరూ టీకి వెళ్లారు. సూదక్క కిటికీలు మూసి, తలుపు గడియ పెట్టి, నూలు కోటు గుండీలు గొంతుదాకా పెట్టుకుని, గాజు మూత కింద తన ఖాళీ నమూనా తాను చేసుకుంది. దొరికినవి మూడు. ఆ మూడూ ఎక్కడి నుంచి వచ్చాయో కూడా ఆమె రాసింది: రెండు కిటికీ తెరవి, ఒకటి తన చీరది.

మర్నాడు అందరూ చెరువు నీళ్లు పరీక్షించారు. ఆ రోజు ముఖ్య అతిథి లేరు, ఫొటోగ్రాఫరు లేడు. ఒక్కో గదిలో ఒక్కో మనిషి పనిచేశారు. చెరువు నీళ్లను ఎవరూ ప్రారంభించలేదు.

రెండు రోజుల తరవాత మధ్యాహ్నం మూడింటికి రంగు గది కుర్రాయన సూదక్క గదికి వచ్చాడు. అందరూ రంగుబాబు అంటారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా పక్కా కాలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, మీ ఖాళీలో ఎన్ని వచ్చాయి?"

"మూడు."

"మూడు వందలా?"

"మూడు."

రంగుబాబు లోపలికి వచ్చి తలుపు వేశాడు. "నాకు నాలుగు వందల ఆరు."

"చెరువు నీళ్లలోనో?"

"మూడు వందల తొంభై."

సూదక్క కళ్లజోడు తీసింది. "అంటే ఏమీ లేని నీళ్లలో చెరువు కంటే ఎక్కువ ఉందన్నమాట."

"అలా అనకూడదటక్కా. చెరువులో ఏమీ లేనిదాని కంటే తక్కువ ఉందనాలట. సార్ రాసేసుకున్నారు కూడా. మైనస్ పదహారు."

"నీకేమనిపిస్తోంది?"

"నాకేమీ అనిపించకూడదక్కా. నేనింకా పక్కా కాలేదు."

కానీ అతని చేతిలో చిన్న గాజు పళ్లెం ఉంది. వడకాగితం అందులో పెట్టి తెచ్చాడు. సూదక్క దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టింది. అంతా నీలం దారాలు. ఒకదాని మీద ఒకటి, బార్బరు షాపు నేల మీద వెంట్రుకల్లా. సూది కాల్చి ముట్టుకుంది. ముడుచుకుంది. ఇంకోటి ముట్టుకుంది. అదీ అంతే. తరవాత రంగుబాబు కోటు చేతి నుంచి ఒక పోగు లాగి, పక్కన పెట్టి, ముట్టుకుంది.

"చూడు."

రంగుబాబు చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీ గిన్నెలో చెరువు లేదు తమ్ముడూ. మీరంతా ఉన్నారు."

"యంత్రం మేడంకి మైనస్ పన్నెండు వచ్చిందట," అన్నాడతను, అదేదో ఓదార్పు అయినట్టు.

ఆ సాయంత్రం సూదక్క నీలం పోగు ఒకటి కాగితంలో చుట్టి ఇంటికి తీసుకెళ్లింది. కుట్టుమిషను ముందు కూర్చున్న భర్త చేతిలో పెట్టింది.

"ఏవండీ, ఇదేమిటో చెప్పండి."

ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపాడు, వెలుతురుకి పట్టి చూశాడు, అగ్గిపుల్ల గీసి అంటించాడు. "నూలైతే బూడిద అయ్యేది. ఇది పూస కట్టింది. పాలిస్టరు. అందులోనూ నాసిరకం. ఇలాంటిది కొత్తలో కుక్కలాగా బొచ్చు రాలుస్తుంది. నాలుగు ఉతుకులు పడితే గానీ తగ్గదు. ఎవరికి కుట్టారిది?"

"మాకే."

"చంకల దగ్గర చూశావా? అంచు కుట్టకుండా వదిలేసి ఉంటారు. అక్కడే ఎక్కువ రాలేది." ఆయన కుట్టు సంగతి వస్తే ఆగడు.

"ఉతికితే ఆ బొచ్చంతా ఎక్కడికి పోతుందండీ?"

"నీళ్లతో పోతుంది. నీళ్లు ఎక్కడికి పోతే అక్కడికి."

వెనక గదిలో నుంచి అత్తగారు అడిగింది. "ఇంతకీ యంత్రం వస్తుందా రాదా? అది చెప్పు ముందు."

"నా లెక్క ప్రకారం వస్తుందత్తయ్యా."

"మొత్తం లెక్క ఎవరు చేస్తారు?"

"కమిటీ."

"అయితే రాదు," అంది అత్తగారు. గొంతులో బాధ లేదు. ఆమె డెబ్భై ఏళ్లలో నాలుగు కమిటీలను చూసింది.

కమిటీ శుక్రవారం కూర్చుంది. మొదటి సమస్య కాల్చే గదితో వచ్చింది. ఆ గది పెద్దాయనను పొగాయన అంటారు. ఆయన దగ్గర ముక్కల సంఖ్య లేదు, బరువు ఉంది. లీటరు చెరువు నీటిలో ముప్ఫై ఒక్క మైక్రోగ్రాములు, ఖాళీ నమూనాలో ముప్ఫై అయిదు. తేడా మైనస్ నాలుగు. గ్రాములో పదిలక్షో వంతును ముక్కల్లోకి ఎలా మార్చాలి? ఒక ముక్క బరువెంతో తెలిస్తే చాలు. అది ఎవరికీ తెలియదు. విశేషాధికారి దాన్ని ఓటింగుకు పెట్టారు. మైక్రోగ్రాముకు రెండు ముక్కలని ఇద్దరు, అయిదు ముక్కలని ఇద్దరు చేతులెత్తారు. మూడున్నర దగ్గర రాజీ కుదిరింది. అర ముక్క అంటే ఏమిటని ఎవరూ అడగలేదు, రాజీ చెడిపోతుందని.

నాలుగు మూడున్నరలు పద్నాలుగు. నల్లబోర్డు మీద నాలుగు సంఖ్యలు వరసగా రాశారు. రంగు గది మైనస్ పదహారు. యంత్రం గది మైనస్ పన్నెండు. కాల్చే గది మైనస్ పద్నాలుగు. సూది గది నూట ఇరవై ఎనిమిది.

విశేషాధికారి నల్లబోర్డు వైపు చూసి, సూదక్క వైపు చూశారు.

"మేడం, మూడు గదులు ఒక మాట మీద ఉన్నాయి. మీరొక్కరే వేరే మాట. ప్రజాస్వామ్యం అని ఒకటుంది."

"చెరువు ఓటెయ్యలేదు సార్."

ఎవరో దగ్గారు. సూదక్క లేచి, రంగు గది వడకాగితం సంగతి, నీలం దారాల సంగతి, సూది సంగతి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మూడు గదుల ఖాళీ నమూనాల్లో ఉన్నది కోట్ల బొచ్చని, దాన్ని చెరువు లెక్క నుంచి తీసేయడం వల్ల మైనస్ వచ్చిందని, కుళాయి నీళ్లలో మైనస్ ముక్కలు ఉండవని చెప్పింది. మూడు నిమిషాలు పట్టింది.

"రంగు గది ఏమంటుంది?" అన్నారు విశేషాధికారి.

రంగుబాబు నీళ్లు నమిలాడు. "మా పద్ధతిలో మెరిసిందా లేదా అన్నదొక్కటే తెలుస్తుంది సార్. రంగు తెలియదు."

"రంగు గదికి రంగు తెలియదు. రాసుకోండి. యంత్రం గది?"

యంత్రం మేడం ఫైలు తెరిచింది. "యంత్రం పాలిస్టరు అంది సార్. ఎవరి పాలిస్టరో అడగడానికి అందులో బటన్ లేదు."

"కాల్చే గది?"

"దారాలున్నాయో లేవో నాకెలా తెలుస్తుంది సార్," అన్నాడు పొగాయన. "నేను అన్నీ కాల్చేస్తాను. సాక్ష్యం అడిగితే పొగ చూపించాలి."

విశేషాధికారి కలం మూత పెట్టారు. "మేడం, పరీక్ష రోజున మీరు యూనిఫాంలో ఉన్నారా?"

"లేను సార్. కోటు కాలింది. పాతది వేసుకోమని మీరే రాసిచ్చారు." కాగితం తీసి చూపించింది.

"ఇది మంచి కాగితం. దీన్నిబట్టి తేలుతున్నదేమిటంటే, మీ గదిలో పరిస్థితి మిగతా గదుల్లో లాగా లేదు. పోలిక అంటే అందరికీ అన్నీ సమానంగా ఉండాలి. మూడు గదుల్లో దారాలు సమానంగా పడ్డాయి. మీ గదిలో పడలేదు. లోపం ఎవరిది?"

సూదక్క నిలబడే ఉంది. "సార్, ఒక్క మనవి. ఖాళీ నమూనా మళ్లీ తీద్దాం. కోట్లు విప్పేసి, ఒక్కొక్కరే, మూత పెట్టి. ఒక్క పూట పని. అప్పుడూ నాది తప్పని తేలితే నా గదికి నేనే తాళం వేసి ఇస్తాను."

ఈసారి కమిటీ నిజంగానే ఆలోచించింది. పొగాయన అయితే తల కూడా ఊపాడు. చివరికి విశేషాధికారే గొంతు సవరించుకున్నారు.

"అధ్యక్షులవారు ప్రారంభించిన ఖాళీ నమూనా అది. మళ్లీ తీస్తే పాతది రద్దయినట్టు. పాతది రద్దయితే శిలాఫలకం ఏం చెయ్యాలి?"

శిలాఫలకాన్ని సూదితో పరీక్షించే పద్ధతి ఇంకా రాలేదు.

నలుగురి సగటు కట్టారు. ఇరవై ఒకటిన్నర వచ్చింది. దానికి అందరికంటే దూరంగా ఉన్నది సూది గది. తొమ్మిదో నియమం ప్రకారం దాన్ని తప్పుగా పరిగణించారు. పదో నియమం ప్రకారం తీసేశారు. మిగిలిన ముగ్గురి సగటు సరిగ్గా మైనస్ పద్నాలుగు. ప్రారంభించిన ఖాళీ నమూనాల సంఖ్యలు వచ్చే అయిదేళ్లపాటు అన్ని పరీక్షలకూ చెల్లుతాయని, ఇకపై ఏ గదీ వేరే ఖాళీ నమూనా తీయరాదని తీర్మానించారు. సమావేశం ముగిసింది.

మంగళవారం ప్రకటన తరవాత ఒక విలేకరి లేచి అడిగాడు. "మైనస్ పద్నాలుగు అంటే ఏమిటి సార్? లేనివి ఎలా లెక్కపెట్టారు?"

"చెరువు సున్నా కంటే పద్నాలుగు వెనకబడి ఉంది," అన్నారు విశేషాధికారి. "ఇంకా పద్నాలుగు వచ్చి కలిస్తే గానీ సున్నా కాదు."

ఆ వాక్యం మర్నాడు పత్రికల్లో అచ్చయింది. గురువారం ఒక దరఖాస్తు వచ్చింది. పెట్టింది సంస్థ నీలం కోట్లు ఉతికే లాండ్రీ. ఉతికిన నీళ్లు కాలువ గుండా చెరువులో కలుపుతున్నారని ఆ లాండ్రీని రెండేళ్ల కిందట మూయించారు, వేరే కాలువ తవ్వుకున్నాక తెరవనిచ్చారు. ఇప్పుడు వారి మనవి: చెరువులో పద్నాలుగు ముక్కల లోటు ఉన్నట్టు పత్రికల ద్వారా తెలిసింది కాబట్టి, లీటరుకు పద్నాలుగు దాటకుండా తమ నీళ్లు కలిపి, చెరువు సున్నాకు చేరడానికి తోడ్పడే అవకాశం ఇప్పించవలెను. సోమవారం అనుమతి వచ్చింది. "ప్రజల భాగస్వామ్యం అభినందనీయం" అని ఫైలు మీద రాశారు. పాత కాలువ తెరిచారు. అది దిగువ వీధులకు నీళ్లు తోడే చోటికి రెండు వందల గజాల దూరంలో కలుస్తుంది.

వడపోత యంత్రం ఫైలు అదే రోజు మూసేశారు. వందకు బదులు మైనస్ పద్నాలుగు వచ్చినందువల్ల, యంత్రం పెడితే నీటిలో లేని ప్లాస్టిక్ కూడా పోయే ప్రమాదం ఉందని అందులో ఉంది.

సూది గదిని స్టోరు రూముగా మార్చారు. సూక్ష్మదర్శినిని అట్టపెట్టెలో పెట్టి, అదే గదిలో స్టోరు సామానుగా నమోదు చేశారు. సూదక్కను నమూనాలు తీసుకునే కిటికీ దగ్గరికి మార్చారు. అక్కడ సీసాలు తీసుకుని, రసీదు రాసి, ముద్ర వెయ్యాలి. ఆమె కొత్త కోటు దరఖాస్తు అదే రోజు మంజూరైంది. నూలు కోటును స్టోరులో ఇవ్వబోతే, స్టోరు గుమాస్తా పుస్తకం చూశాడు.

"ఇలాంటిది మా పుస్తకంలో లేదక్కా. నూలు కోట్లన్నీ పోయిన నెలే వెనక్కి వచ్చేసినట్టు రాసేశాం."

"మరి ఇదేమిటి?"

"ఇది లేదు. ఇంటికి పట్టుకెళ్లండి."

భర్త ఆ కోటును విప్పి, వీపు ముక్కను రెండు మడతలు వేసి, అంచు కుట్టి, నాడా పెట్టాడు. సూదక్క దాన్ని కుళాయి మూతికి కట్టింది. తెల్ల గుడ్డ, నాలుగు వేళ్ల వెడల్పు.

"నీ మైనస్ నీళ్లు బాగానే వస్తున్నాయే," అంది అత్తగారు, బకెట్టు నిండుతుంటే.

నాలుగో రోజు ఉదయానికి గుడ్డ మీద నీలం మరక కనిపించింది. ఆరో రోజుకు మడతల్లో బొచ్చు పేరుకుంది. వేలితో గీస్తే పోగు అయింది. భర్త అగ్గిపుల్ల గీశాడు. పూస కట్టింది. అత్తగారు తన గ్లాసులో నీళ్లను ఇంకోసారి చూసుకుని, పక్కన పెట్టింది.

సూదక్క గుడ్డను గాజు సీసాలో పెట్టి, మూత బిగించి, సంస్థకు తీసుకెళ్లింది. ఉద్యోగుల గుమ్మం గుండా కాకుండా, బయటి వరుసలో నిలబడి, ప్రజలు నింపే కాగితం నింపింది. తరవాత లోపలికి వెళ్లి, నీలం కోటు తొడుక్కుని, కిటికీ తెరిచి, ఆ కాగితం తీసుకుంది. నమూనా తెచ్చినవారి సంతకం దగ్గర ఆమె సంతకం ఉంది. తీసుకున్నవారి సంతకం దగ్గరా ఆమే చేసింది. నమూనా తెచ్చినవారిని "ఎందుకు తెచ్చారు?" అని అడగాలన్న నియమం ఉంది. అడగలేదు. వరుసలో వెనక జనం ఉన్నారు.

సీసా రంగు గదికి వెళ్లింది. రెండు రోజుల తరవాత రంగుబాబు కిటికీ దగ్గరికి వచ్చాడు. పక్కా అయినట్టు ఉత్తర్వు ఆ వారమే వచ్చింది. కిటికీ చెక్క మీద చెయ్యి పెట్టి, చెక్కనే చూస్తూ మాట్లాడాడు.

"అక్కా, మీ గుడ్డ నేనే లెక్కపెట్టాను. రెండుసార్లు."

"ఎన్ని?"

"మూడు వందల తొంభై రెండు."

"అదే రాశావా?"

"అది రాసే గడి ఒకటుంది, రాశాను. దాని కింద ఖాళీ నమూనా గడి ఉంది. అందులో నాలుగు వందల ఆరు ముందే అచ్చు వేసి ఉందక్కా. ఫలితం గడి నేను రాసేది కాదు. కంప్యూటరే నింపుతుంది."

అతను కవరు చెక్క మీద పెట్టి వెళ్లిపోయాడు. సూదక్క దాన్ని నమూనా తెచ్చినవారికి అందజేసినట్టు పుస్తకంలో రాసి, ముద్ర వేసి, విప్పింది. ఫలితం గడిలో మైనస్ పద్నాలుగు అని ఉంది. దాని పక్కన విశేషాధికారి సంతకంతో ఒక వాక్యం: "చెరువు ఫలితంతో సరిపోయినది."

కవరులో గుడ్డ కూడా ఉంది. పరీక్ష అయిన వస్తువులను శుభ్రం చేసి తిరిగి ఇవ్వాలన్న నియమం ప్రకారం, దాన్ని లాండ్రీలో ఉతికించి, ఇస్త్రీ చేసి ఇచ్చారు.